రసాయనశాస్త్ర విద్యార్థులకు బహుమతులు, ఉపకార వేతనాలు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• బహుమతి, ఉపకార వేతనం, ఫెలోషిప్‌ల మధ్య భేదాన్ని వివరించగలుగుతారు.
• శాశ్వత నిధి నుంచి ఏటా పతకాలు, బహుమతులు ఎలా వస్తాయో చెప్పగలుగుతారు.
• నిబంధనలలోని ఒక్క మాట విద్యార్థి భవిష్యత్తును ఎలా మార్చగలదో చరిత్రలోని ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• దూరవిద్యలో చదివేవారికి తెరిచి ఉన్న మార్గాలను, మూసి ఉన్న మార్గాలను గుర్తించగలుగుతారు.
• గడువులోగా పూర్తి దరఖాస్తును సిద్ధం చేసుకోగలుగుతారు.

1. పరిచయం

నెల్లూరు తీరంలో విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ఏ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడినా రసాయనశాస్త్రం కనిపిస్తుంది. నీటి పి.హెచ్. ఎంత, లవణీయత ఎంత, కరిగి ఉన్న ఆక్సిజన్ తెల్లవారుజామున ఎంతకు పడిపోయింది, అమ్మోనియా పెరిగిందా అనే ప్రశ్నలకు రోజూ జవాబులు కావాలి. ఆ జవాబులు చెప్పే చిన్న చిన్న ల్యాబుల్లో బి.ఎస్సీ. చదివిన యువతీయువకులు చాలామంది పనిచేస్తున్నారు. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు పగలు అలాంటి ల్యాబులో పనిచేసి, రాత్రి ఈ పుస్తకం తెరుస్తూ ఉండవచ్చు.

డిగ్రీ పూర్తి కావస్తున్న దశలో మీ అందరి ముందుకూ ఒక ప్రశ్న వస్తుంది. ఎం.ఎస్సీ.కి వెళ్లాలా, దొరికిన పనిలో స్థిరపడాలా? ఈ ప్రశ్నకు చాలా ఇళ్లలో జవాబు చెప్పేది మార్కులు కావు, డబ్బు. రెండేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు, ఆ రెండేళ్లలో ఇంటికి రాకుండా పోయే జీతం కలిపి లెక్క వేసినప్పుడు బాగా చదివే విద్యార్థి కూడా వెనక్కి తగ్గుతాడు. ఈ లెక్కను మార్చడానికే ఉపకార వేతనాలు ఉన్నాయి. అయితే అవి ఎవరినీ వెతుక్కుంటూ రావు. వాటి స్వభావం తెలిసి, నిబంధనలు చదివి, సకాలంలో దరఖాస్తు పెట్టినవారికే అందుతాయి. ఈ భాగంలో మీరు ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఇదే.

2. మూడు రకాల గుర్తింపు

వాడుకలో అన్నింటినీ "స్కాలర్‌షిప్" అనే అంటాం. నిజానికి అవి వేరువేరు ఉద్దేశాలతో ఏర్పడినవి.

2.1 బహుమతి, పతకం: ఇవి జరిగిపోయిన పనికి ఇచ్చే గుర్తింపు. రసాయనశాస్త్రంలో విశ్వవిద్యాలయం మొత్తానికి ప్రథమ స్థానం వచ్చినవారికి స్నాతకోత్సవంలో ఇచ్చే బంగారు పతకం ఇందుకు ఉదాహరణ. దీనికి సాధారణంగా దరఖాస్తు అవసరం లేదు. డబ్బు విలువ తక్కువే అయినా, తరువాతి ప్రతి దరఖాస్తులోనూ ఇది సాక్ష్యంగా నిలుస్తుంది.

2.2 ఉపకార వేతనం: ఇది ఇకముందు జరగవలసిన చదువుకు ఇచ్చే సహాయం. ఇందులో మళ్లీ రెండు రకాలున్నాయి. కేవలం ప్రతిభను చూసి ఇచ్చేది ఒకటి. ప్రతిభతోపాటు కుటుంబ ఆదాయాన్ని కూడా చూసి ఇచ్చేది రెండోది. ఈ రెండో రకాన్నే విదేశీ విశ్వవిద్యాలయాలలో బర్సరీ అంటారు. దీనికి దరఖాస్తు తప్పనిసరి. ఒకసారి మంజూరైనా ప్రతి ఏడాదీ పునరుద్ధరణ చేయించుకోవాలి.

2.3 ఫెలోషిప్: ఇది పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే వేతనం. దీన్ని అందుకునే వ్యక్తి ఒకవైపు విద్యార్థి, మరొకవైపు ప్రయోగశాలలో పూర్తికాలం పనిచేసే పరిశోధకుడు. ఫెలోషిప్ ఉన్నవారు పిహెచ్.డి. కోసం ఇంటిమీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.

ఒక్క మాటలో చెప్పాలంటే బహుమతి నిన్నటి పనిని మెచ్చుకుంటుంది, ఉపకార వేతనం రేపటి చదువును నిలబెడుతుంది, ఫెలోషిప్ పరిశోధనను జీవనోపాధిగా మారుస్తుంది.

3. శాశ్వత నిధి ఎలా పనిచేస్తుంది?

స్నాతకోత్సవాలలో చదివే పతకాల పేర్లను ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? ఎక్కువ భాగం మనుషుల పేర్లే. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం, గురువు జ్ఞాపకార్థం ఎవరో కొంత సొమ్మును విశ్వవిద్యాలయానికి అప్పగించి ఉంటారు. ఆ సొమ్మును ఖర్చు చేయరు. బ్యాంకులో ఉంచి, దానిపై వచ్చే వడ్డీతో ఏటా పతకమో బహుమతో ఇస్తారు. ఇదే శాశ్వత నిధి.

లెక్క సులభం. లక్ష రూపాయల నిధికి 6 శాతం వడ్డీ వస్తే ఏటా రూ. 6,000 బహుమతి ఇవ్వవచ్చు. అసలు ఎప్పటికీ తరగదు. కాని ధరలు పెరుగుతాయి కాబట్టి ఆ రూ. 6,000 కొనుగోలు శక్తి ఏటేటా తగ్గుతుంది. బంగారం ధర పెరిగిన కొద్దీ చాలాచోట్ల బంగారు పతకం బంగారు పూత పతకంగా మారడానికి కారణం ఇదే. దాత మనసు మారలేదు, వడ్డీ చాలలేదు.

మన ప్రాంతపు విద్యాసంస్థల పేర్లలోనే ఈ దాన సంప్రదాయం కనిపిస్తుంది. నెల్లూరులోని వి.ఆర్. కళాశాల పేరులో ఉన్నది వెంకటగిరి రాజా. డి.కె. ప్రభుత్వ మహిళా కళాశాల పేరులో ఉన్నది దొడ్ల కౌసల్యమ్మ. కావలిలోని జవహర్ భారతి దొడ్ల రామచంద్రారెడ్డి పట్టుదలతో ఏర్పడింది. ఇంకొంచెం దూరం వెళితే, ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కళాశాలకు జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. తెలుగునాట విశ్వవిద్యాలయ స్థాయి రసాయనశాస్త్ర బోధన నిలదొక్కుకోవడంలో అటువంటి దానాల పాత్ర చిన్నది కాదు.

4. నిబంధనలో ఒక్క మాట: హోప్ బహుమతి కథ

రసాయనశాస్త్ర బహుమతుల చరిత్రలో ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసిన ఒక ఉదంతం స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జరిగింది. అది మన దేశంతోనూ ముడిపడి ఉంది.

థామస్ చార్లెస్ హోప్ అక్కడ రసాయనశాస్త్ర ఆచార్యుడు. 1820లలో ఆయన స్త్రీల కోసం రసాయనశాస్త్రంపై ప్రత్యేక ఉపన్యాసాలు ఇచ్చారు. వాటికి వసూలైన రుసుముతో రసాయనశాస్త్రంలో బహుమతి కోసం ఒక నిధిని ఏర్పాటు చేశారు. అంటే ఆ బహుమతికి మూలధనం స్త్రీలు చెల్లించిన సొమ్ము.

1869లో ఎడిత్ పీచీ, మరికొందరు స్త్రీలు ఆ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరారు. వారికి తరగతులు పురుషులతో కలిపి కాక, వేరే వేళలో జరిగేవి. 1870 రసాయనశాస్త్ర పరీక్షలో, మొదటిసారి పరీక్ష రాసినవారిలో పీచీ ప్రథమ స్థానంలో నిలిచారు. నిబంధన ప్రకారం హోప్ ఉపకార వేతనం ఆమెకు రావాలి. దానితోపాటు ప్రయోగశాలను ఉచితంగా వాడుకునే అవకాశం కూడా వచ్చేది. కాని ఆచార్యుడు క్రమ్ బ్రౌన్ దాన్ని ఆమెకన్నా తక్కువ మార్కులు వచ్చిన పురుష విద్యార్థులకు ఇచ్చారు. స్త్రీలు వేరే వేళలో చదివారు కాబట్టి వారు ఆ "తరగతి"కి చెందినవారు కారన్నది చెప్పిన కారణం. పీచీ అభ్యంతరం తెలిపినా ఫలితం లేకపోయింది.

ఈ వార్త పత్రికలకు ఎక్కింది. పీచీకి జరిగినది అన్యాయమని చాలామంది రాశారు. ఆమె చదువు ఆపలేదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో వైద్యపట్టా పొంది, 1883లో బొంబాయి వచ్చి, స్త్రీల కోసం ఏర్పడిన కామా ఆసుపత్రి బాధ్యతలు చేపట్టారు. ఆమె మరణం తరువాత భర్త ఆమె పేరిట లండన్ మహిళా వైద్యకళాశాలలో ఒక ఉపకార వేతనాన్ని నెలకొల్పారు.

అదే హోప్ బహుమతిని కొన్నేళ్ల తరువాత ఒక భారతీయ విద్యార్థి అందుకున్నారు. ఆయన ప్రఫుల్ల చంద్ర రాయ్. ఆయన కలకత్తాలో చదివిన విధానం దూరవిద్య విద్యార్థులైన మీకు దగ్గరగా అనిపిస్తుంది. ఆయన మెట్రోపాలిటన్ కళాశాల విద్యార్థి. రసాయనశాస్త్ర ఉపన్యాసాల కోసం మాత్రం ప్రెసిడెన్సీ కళాశాలకు బయటి విద్యార్థిగా వెళ్లేవారు. అక్కడ చూసిన ప్రయోగాలను తోటి విద్యార్థి బసలో ఏర్పాటు చేసుకున్న చిన్న ప్రయోగశాలలో మళ్లీ చేసేవారు. 1882లో గిల్‌క్రైస్ట్ ఉపకార వేతనం సంపాదించి ఎడిన్‌బరో వెళ్లారు. 1887లో డి.ఎస్సీ. పట్టా పొందారు. హోప్ బహుమతి రావడంతో మరో ఏడాది అక్కడే ఉండి పరిశోధన కొనసాగించగలిగారు.

రాయ్ తాను పొందిన సహాయాన్ని మరచిపోలేదు. 1922లో కలకత్తా విశ్వవిద్యాలయానికి రూ. 10,000 ఇచ్చి, రసాయనశాస్త్రంలో ఏటా ఒక బహుమతిని ఏర్పాటు చేయించారు. దానికి తన పేరు పెట్టుకోలేదు. ప్రాచీన భారత రసవాది నాగార్జునుడి పేరు పెట్టారు. 60 ఏళ్లు నిండిన 1921 నుంచి తన జీతాన్ని కూడా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర అభివృద్ధికే వదిలేశారు.

ఒకే బహుమతి ఒకరికి అందకుండా పోయింది, మరొకరికి ఏడాది పరిశోధనను ఇచ్చింది. ఇద్దరిలో ప్రతిభకు లోటు లేదు. తేడా అంతా "తరగతి" అనే ఒక్క మాటకు చెప్పిన అర్థంలో ఉంది. అందుకే ఏ ఉపకార వేతనానికైనా మొదట అర్హత నిబంధనలను ఒక్కొక్క మాటగా చదవాలి. దూరవిద్యలో ఉన్న మీకు "రెగ్యులర్" అనే మాట అటువంటిదే. దాని గురించి 6వ విభాగంలో చూద్దాం.

5. కాకినాడ ధర్మసంస్థ, బోస్టన్ ప్రయోగశాల

ఇప్పుడు మన తెలుగువారి ఉదాహరణకు వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివారు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో మరణించారు. ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి అమెరికా వెళ్లాలని ఆయన నిశ్చయించుకున్నారు, కాని చేతిలో డబ్బు లేదు.

ఆ సమయంలో ఆయనకు ఆసరాగా నిలిచినది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. బర్మాలో వ్యాపారం చేసి సంపాదించిన ఆస్తిని నాయకర్ విద్యకు, ధర్మకార్యాలకు రాసి ఇచ్చారు. ఆ సంస్థ ఇచ్చిన హామీ, మామగారు సమకూర్చిన సొమ్ము కలిసి సుబ్బారావును బోస్టన్ చేర్చాయి. అక్కడ జీవనం గడపడానికి అవి చాలలేదు. ఆయన ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేస్తూ చదువు సాగించారు.

1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ నిర్ధారణ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందింది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణానికి ఆమ్లయానకంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫోమాలిబ్డేట్ ఏర్పడుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. రంగు తీవ్రతను కలరీమీటరుతో కొలిచి ఫాస్ఫేట్ పరిమాణాన్ని లెక్కిస్తాం. ఈనాడు చెరువు నీటిలో ఫాస్ఫేట్‌ను పరీక్షించే పద్ధతుల్లో చాలావరకు ఇదే మాలిబ్డినం నీలం సూత్రం పనిచేస్తుంది. క్షయకరణిగా వాడే పదార్థం మాత్రం మారింది. మీరు ల్యాబులో ఆ నీలిరంగును చూసినప్పుడల్లా ఈ కథ గుర్తు చేసుకోవచ్చు.

ఆ తరువాత కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని గుర్తించిన పరిశోధనలలో ఆయన భాగస్వామి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. స్ప్రూ చికిత్సలో ఉపయోగపడిన పదార్థమది. సోదరులను బలిగొన్న జబ్బుకు మందు వెతకడంలో ఆయన చేయి కూడా ఉంది.

ధర్మసంస్థ ఇచ్చిన సహాయం పెద్ద మొత్తమేమీ కాదు, ఆయన అవసరాలన్నీ తీర్చలేదు. కాని బయలుదేరడానికి అది సరిపోయింది. ఉపకార వేతనం విలువను నెలసరి మొత్తంతో మాత్రమే కొలవకూడదని ఈ ఉదాహరణ చెబుతుంది. అది ఏ తలుపు తెరుస్తుందో కూడా చూడాలి.

6. నేడు ఉన్న మార్గాలు

కింద ఇచ్చిన వివరాలు పథకాల స్వరూపాన్ని తెలియజేయడానికి మాత్రమే. మొత్తాలు, వయోపరిమితులు ప్రభుత్వ నిర్ణయాలతో మారుతుంటాయి. దరఖాస్తు చేసే సంవత్సరపు ప్రకటనే మీకు ప్రమాణం.

6.1 డిగ్రీ స్థాయి

కేంద్ర ఉన్నత విద్యాశాఖ ఇచ్చే ఉపకార వేతనానికి ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షలో తమ విభాగంలో మొదటి 20 శాతం స్థానాలలో నిలిచి ఉండాలి. కుటుంబ వార్షికాదాయం రూ. 4.5 లక్షలు దాటకూడదు. డిగ్రీ మూడేళ్లూ ఏటా రూ. 12,000, పి.జి. స్థాయిలో ఏటా రూ. 20,000 ఇస్తారు. ఏటా 82,000 మందికి కొత్తగా ఇచ్చే ఈ వేతనాలలో సగం బాలికలకు కేటాయిస్తారు.

శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో ప్రారంభించిన ఇన్‌స్పైర్ కార్యక్రమంలో మౌలిక విజ్ఞానశాస్త్రాలు చదివేవారికి ఏటా రూ. 80,000 విలువైన ఉపకార వేతనం ఉంది. ఇందులో రూ. 60,000 విద్యార్థికి, రూ. 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టుకు కేటాయించారు. ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో ఉన్నవారికి ఇది వర్తిస్తుంది.

ఈ రెండూ రెగ్యులర్ విధానంలో చదివేవారికి ఉద్దేశించినవి. దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న మీకు వర్తించవు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో ఇంటర్మీడియట్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. వారికి ఈ విషయం ఇప్పుడే తెలియాలి, డిగ్రీ మధ్యలో తెలిస్తే ప్రయోజనం లేదు.

షెడ్యూల్డు కులాల విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాల కేంద్ర నిబంధనలలో మాత్రం దూరవిద్యకు కూడా చోటుంది. అర్హత ఉన్నవారు అధ్యయన కేంద్రంలోనూ, జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలోనూ విచారించాలి.

6.2 పి.జి. స్థాయి

దూరవిద్య విద్యార్థికి అసలైన మలుపు ఇక్కడే ఉంది. మీరు ఏ విధానంలో డిగ్రీ చదివినా, ఎం.ఎస్సీ. రెగ్యులర్ విధానంలో చేరితే మూసుకున్న తలుపులు చాలావరకు తెరుచుకుంటాయి.

ఐ.ఐ.టి.లు నిర్వహించే జామ్ పరీక్ష ద్వారా ఐ.ఐ.టి.లలోనూ, ఇతర ప్రముఖ సంస్థలలోనూ ఎం.ఎస్సీ. రసాయనశాస్త్రంలో చేరవచ్చు. ప్రశ్నపత్రం 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. వయోపరిమితి లేదు. ఉద్యోగం చేస్తూ ఆలస్యంగా డిగ్రీ పూర్తిచేసినవారికి ఇది ముఖ్యమైన విషయం. చేరదలచిన సంస్థ కోరే కనీస అర్హతలను మాత్రం ముందే చూసుకోవాలి. నెల్లూరు తీరంవారికి ఐ.ఐ.టి., ఐసర్ రెండూ తిరుపతి దగ్గర ఏర్పేడు వద్దనే ఉన్నాయి. గూడూరు–రేణిగుంట రైలు మార్గంలో ఏర్పేడు స్టేషన్ వస్తుంది. ఇక కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం మన ఇంటి ముంగిటే ఉంది.

రెగ్యులర్ పి.జి.లో చేరినవారికి యు.జి.సి. ద్వారా జాతీయ పి.జి. ఉపకార వేతనం ఉంది. నెలకు రూ. 15,000 చొప్పున ఏడాదికి 10 నెలలు, రెండేళ్లపాటు ఇస్తారు. ఏటా 10,000 మందికి ఇచ్చే ఈ వేతనాలలో 30 శాతం స్త్రీలకు కేటాయించారు.

మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ మరో మంచి అవకాశం. ఎంపికైన విద్యార్థి రెండు నెలలు ఒక శాస్త్రవేత్త వద్ద పనిచేస్తాడు. ఆ కాలానికి భత్యం ఇస్తారు.

6.3 పరిశోధన స్థాయి

సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్ పరీక్షలో రసాయనశాస్త్రం ఒక విభాగం. ఎం.ఎస్సీ.లో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం మార్కులు ఉండాలి. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలో ఎం.ఎస్సీ. చేసినవారు కూడా రాయవచ్చు. జూనియర్ రీసెర్చ్ ఫెలోగా ఎంపికైతే 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000, తరువాత సీనియర్ ఫెలోగా రూ. 42,000 వస్తాయి. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. జె.ఆర్.ఎఫ్.కు వయోపరిమితి ఉంది. వర్గాన్నిబట్టి సడలింపులు ఉంటాయి. కాబట్టి మీ వయసును ప్రకటనలోని తేదీతో సరిచూసుకోండి.

7. దరఖాస్తు: ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

తిరస్కరించిన దరఖాస్తుల్లో ఎన్నో ప్రతిభ లేక కాదు, కాగితాలు కుదరక ఆగిపోతాయి. ఈ కింది అంశాలను గుర్తుంచుకోండి.

(అ) పేరు: పదో తరగతి మార్కుల జాబితాలో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఒకేలా ఉండాలి. తేడా ఉంటే ప్రకటన రాకముందే సరిచేయించుకోండి.

(ఆ) ఆదాయ, కుల ధ్రువపత్రాలు: తహశీల్దారు మంజూరు చేసినవి కావాలి. సచివాలయంలో లేదా మీసేవలో దరఖాస్తు పెట్టిన తరువాత విచారణకు కొన్ని రోజులు పడుతుంది. గడువు చివరి వారంలో మొదలుపెట్టవద్దు.

(ఇ) బ్యాంకు ఖాతా: ఆధార్‌తో అనుసంధానమై, వాడుకలో ఉన్న ఖాతా విద్యార్థి పేరిట ఉండాలి.

(ఈ) సిఫారసు లేఖ: దూరవిద్య విద్యార్థికి ఇది కష్టమనిపిస్తుంది. మీ ప్రయోగ తరగతులు నిర్వహించే కౌన్సెలర్ మిమ్మల్ని చేతులతో పనిచేస్తుండగా చూసిన వ్యక్తి. ఆయనకో ఆమెకో మీ ప్రయోగ రికార్డును చూపించి, కనీసం రెండు వారాల ముందు అడగండి.

(ఉ) ఉద్దేశ ప్రకటన: ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయమని కొన్ని సంస్థలు అడుగుతాయి. "నాకు రసాయనశాస్త్రమంటే చిన్నప్పటి నుంచి ఎంతో ఇష్టం" అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. "మా ఊరి చెరువు నీటి ఆల్కలినిటీని మిథైల్ ఆరెంజ్ సూచికతో ఆరు వారాలు అంశమాపనం చేశాను. వాన పడిన వారంలో విలువ తగ్గింది. కారణం తెలుసుకోవాలని ఉంది" అని రాస్తే మీరేమిటో తెలుస్తుంది. నిజంగా చేసినది మాత్రమే రాయండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది.

8. ఒక స్వానుభవం

ఈ పాఠం రాయడానికి నాకొక సొంత కారణం కూడా ఉంది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో తీరంలోని ఒక కళాశాలలో పనిచేశాను. మత్స్యకార పాలెం నుంచి వచ్చే ఒక అమ్మాయి నా తరగతిలో ప్రథమురాలు. బ్యూరెట్ పట్టుకుంటే మూడు రీడింగులూ ఒకేలా వచ్చేవి. ఆ ఏడాది నవంబరులో ఒక వేసవి పరిశోధన ఫెలోషిప్ ప్రకటన నా చేతికి వచ్చింది. తుపాను సెలవులు, ఆ వెంటనే పరీక్షల పని. ఆ కాగితం నా హాజరుపట్టీలో అలాగే ఉండిపోయింది. నోటీసు బోర్డు మీద పెట్టే నాటికి గడువు మూడు రోజులే ఉంది. ఆమెకు ధ్రువపత్రాలు సమకూరలేదు. డిగ్రీ అయ్యాక రొయ్యపిల్లల హేచరీలో పనికి చేరింది.

ఎన్నో ఏళ్ల తరువాత నెల్లూరు బస్టాండులో ఆమె కనిపించింది. బిడ్డల చదువుల గురించి మాట్లాడింది. నేనే ఆ నోటీసు సంగతి ఎత్తి, తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె కాసేపు ఆగి, "అప్పుడు మా నాయన పంపించేవాడో లేదో తెలీదు సార్. కానీ పోతానో పోనో చెప్పే మాట నాదిగా ఉండేది" అంది.

ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ తరువాత నా చేతికి వచ్చిన ఏ ప్రకటననూ మరుసటి రోజుకు ఉంచలేదు. మీకు కళాశాల నోటీసు బోర్డు రోజూ కనిపించదు. కాబట్టి మీ నోటీసు బోర్డును మీరే తయారు చేసుకోవాలి. ఒక నోటుపుస్తకంలో పథకం పేరు, ప్రకటన వచ్చే నెల, గడువు, కావలసిన కాగితాలు రాసుకోండి. నెలకు ఒకసారి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌ను చూడండి. మీకు పనికిరానిది కనిపిస్తే పనికివచ్చేవారికి అదే రోజు చెప్పండి. వెళ్లాలా వద్దా అన్నది ప్రతి కుటుంబం తన పరిస్థితినిబట్టి నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయం తెలిసి తీసుకున్నదై ఉండాలి.

9. సారాంశం

బహుమతి గత ప్రతిభకు గుర్తింపు, ఉపకార వేతనం రాబోయే చదువుకు సహాయం, ఫెలోషిప్ పరిశోధనకు వేతనం. దాతల శాశ్వత నిధులపై వచ్చే వడ్డీతో అనేక పతకాలు, బహుమతులు నడుస్తున్నాయి. ఎడిత్ పీచీ ఉదంతం నిబంధనల అన్వయం ప్రతిభను ఎలా పక్కకు నెట్టగలదో చూపుతుంది. ప్రఫుల్ల చంద్ర రాయ్, యల్లాప్రగడ సుబ్బారావుల జీవితాలు సకాలంలో అందిన సహాయం ఎంత దూరం తీసుకుపోగలదో చూపుతాయి. డిగ్రీ స్థాయి పథకాలలో కొన్ని దూరవిద్యకు వర్తించకపోయినా, జామ్, రెగ్యులర్ ఎం.ఎస్సీ., నెట్ ద్వారా మార్గాలు తెరిచే ఉన్నాయి. ధ్రువపత్రాలను ముందుగా సిద్ధం చేసుకోవడం, గడువులను గుర్తుంచుకోవడం విద్యార్థి బాధ్యత.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బహుమతికి, ఉపకార వేతనానికి గల ముఖ్య భేదం ఏమిటి?
2. రూ. 2,50,000 శాశ్వత నిధిపై 6 శాతం వడ్డీ వస్తే ఏటా ఇవ్వగల బహుమతి ఎంత? పదేళ్ల తరువాత కూడా ఆ మొత్తం అంతే ఉంటే దాని విలువ ఎందుకు తగ్గినట్లు భావిస్తాం?
3. హోప్ ఉపకార వేతనాన్ని ఎడిత్ పీచీకి నిరాకరించడానికి చూపిన కారణాన్ని విమర్శించండి.
4. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిలోని రసాయన సూత్రాన్ని వివరించండి.
5. దూరవిద్యలో బి.ఎస్సీ. పూర్తిచేసిన విద్యార్థి పరిశోధన ఫెలోషిప్ వరకు చేరే మార్గాన్ని దశలవారీగా రాయండి.
6. మీరు స్వయంగా చేసిన ఒక ప్రయోగాన్ని ఆధారంగా తీసుకొని 150 పదాలలో ఉద్దేశ ప్రకటన రాయండి. దాన్ని మీ కౌన్సెలర్‌కు చూపించి, ఆ సూచనల ప్రకారం తిరిగి రాయండి.